చప్పుడు చేసి చెయ్యి పెట్టు

మా తాతయ్య వేసవికాలం కొబ్బరాకుల్ని చూసి గడియారం చెప్పేవారు.

పొద్దున్న తొమ్మిదింటికల్లా వీధరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, దొడ్డి హద్దులో ఉన్న పొడుగాటి కొబ్బరిచెట్టు కేసి చూస్తూ కూర్చునేవారు. మట్టలు తూర్పుకి, అంటే సముద్రం వేపుకి వాలి ఉన్నాయంటే పడమటిగాలి వీస్తున్నట్టు. ఎక్కడో తెలంగాణ రాళ్ళ మీద కాగి, మైదానమంతా దాటుకుని మా దాకా వచ్చే గాలి అది. అది వీస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. కుక్క కూడా మొరిగేది కాదు. పన్నెండు, పన్నెండున్నర వేళకి మట్టల కొసలు ఒక్కసారి తడబడేవి. అటూ ఇటూ ఊగి, నెమ్మదిగా పడమరకి తిరిగేవి. "తిరిగిందే!" అని తాతయ్య లోపలికి కేకేసేవారు. మామ్మ లేచి తూర్పు కిటికీలన్నీ బార్లా తెరిచేది. ఉప్పువాసన, సరుగుడు తోట హోరు కలిసి ఇంట్లోకి వచ్చేవి. అప్పటికి గానీ మాకు అన్నాలు పెట్టేవారు కాదు.

గాలి తిరగని రోజులుండేవి. ఎండకి నేల కాగితే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటుని నింపడానికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. కానీ పడమటిగాలి మరీ బలంగా ఉంటే ఆ చల్లగాలిని ఒడ్డు దాటనివ్వదు. అలా రెండు మూడు రోజులు వరసగా జరిగితే ఊళ్ళో ముసలివాళ్ళ కోసం భయపడేవారు. 2015 మే నెలలో ఆంధ్రదేశంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారని వార్తల్లో చూస్తున్నప్పుడు, నాకు మొదట గుర్తొచ్చింది తాతయ్య చూపు. ఆ కొబ్బరిచెట్టు కేసి, రెప్ప వెయ్యకుండా.

మా ఊరు కోనసీమలో, ఎస్.యానాం దగ్గర. ఇంటికీ సముద్రానికీ మధ్య ఒక జీడితోట, దాని వెనక సరుగుడు తోట, ఆ వెనక ఇసుకమెట్ట. నేను చెప్పేది 1970ల మాట. పెంకుటిల్లు, చుట్టూ తాటాకు వసారా. పెంకు వానకి, తాటాకు ఎండకి అనేవారు తాతయ్య. నిజమే, పెంకుల కింద ఉడికిపోయే మధ్యాహ్నం వసారాలోకి వస్తే ఏదో చెట్టు కింద నిలబడ్డట్టు ఉండేది. వసారా చూరుకి మామ్మ గోనెపట్టాలు వేలాడదీసి గంటకోసారి నీళ్ళు చల్లేది. ఉత్తరపు మూల ఇసుక తిన్నె వేసి దాని మీద మంచినీళ్ళ కుండలు, పక్కన తరవాణి కుండ. గంజి పోసి, దబ్బాకులు వేసి, ఉప్పు వేసి పులియబెట్టిన ఆ తరవాణి పొద్దున్నే ఒక చెంబుడు తాగి వెళితే మధ్యాహ్నం దాకా నాలిక ఎండేది కాదు. దొడ్లో నీళ్ళు నిలవచేసే గాబు. గాబు పక్కన అరటిబోదెలు. అటక మీద ఎండుగడ్డి, గడ్డిలో మగ్గేసిన మామిడికాయలు.

ఇలా ఇంట్లో ఎక్కడెక్కడ చల్లదనం ఉందో చెబుతున్నాను కానీ, వీటిలో ఏ ఒక్కటీ మేం ఒక్కళ్ళం అనుభవించింది కాదు. ఎక్కడ చల్లగా ఉందో మాకంటే ముందు ఇంకెవరికో తెలిసిపోయేది. కుండల వెనక తడి ఇసుకలో చెట్టుకప్ప. గోనెపట్టా మడతలో బల్లి. గాబు గట్టు కింద జెర్రి. అరటిబోదెల మధ్య నీరుకట్టు పాము. అటక మీద మానుపిల్లి, పునుగుపిల్లి జాతిది. అందుకే మాకు మాటలొచ్చేనాటికే మామ్మ నేర్పిన మొదటి సూత్రం ఒకటుంది: "ఎండాకాలం చల్లనిచోట చప్పుడు చేసి చెయ్యి పెట్టాలి."

కుండ మూత తీసేముందు గరిటెతో తట్టాలి. కట్టెలు తీసేముందు మోపుని కాలితో తన్నాలి. చాప తీసి పరిచేముందు దులపాలి. చీకట్లో దొడ్లోకి వెళితే కర్రతో నేలని పొడుస్తూ వెళ్ళాలి. పాముకి బయటి చెవులు లేవని, నేల అదురు దవడ ఎముకల గుండా దానికి తెలుస్తుందని నేను కాలేజీలో చదువుకున్నాను. మామ్మ ఏమీ చదువుకోలేదు. "అరిస్తే దానికి వినపడదే, నేలని పిలు" అనేది. నేలని పిలవడం! ఆ మాట ఆవిడది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ సూత్రం మరిచిపోయాను. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ ఎండ. జీడితోటలోంచి పరిగెత్తుకొచ్చి, దాహంతో నేరుగా కుండల మూలకి వెళ్ళి ఒంగాను. తరవాణి కుండ వెనక ఏదో తాడు చుట్ట కదిలినట్టయింది. తర్వాత పడగ కనబడింది. నా చేతికీ దానికీ మధ్య ఒక కుండ అడ్డం, అంతే.

"కదలకే అమ్మడూ" అని వెనకనుంచి మామ్మ గొంతు. అరుపు కాదు, రోజూ మాట్లాడే గొంతే. నేను కదల్లేదు. మామ్మ పచ్చడిబండ తీసుకుని నా వెనక నేల మీద ఒక్కొక్క దెబ్బే, నెమ్మదిగా, వేస్తూ ఉంది. "వెళ్ళు నాయనా, వెళ్ళు. పిల్లకి దాహంగా ఉంది." ఎంతసేపయిందో తెలీదు. పడగ దిగింది. తిన్నె వెంబడే జారి గోడ కింది తూములోంచి బయటికి వెళ్ళిపోయింది. ఇసుకలో దాని జాడ మిగిలింది, తడి మీద పొడి గీత. మామ్మ ఆ జాడకి దండం పెట్టింది. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి తూముకి ఇనపజల్లెడ కొట్టించింది. దండం పెట్టడమూ తెలుసు, తూము మూయడమూ తెలుసు ఆవిడకి. ఈ రెండోదాన్ని మర్చిపోయి మొదటిదాన్ని మాత్రం చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఎందుకంటే అన్నీ అలా ముగియలేదు. మా పక్కింటి పిల్లాడు, మా అన్నయ్య ఈడువాడు, ఉక్కపోతకి తట్టుకోలేక ఒక రాత్రి మంచం దిగి గచ్చు మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు. తిన్నది పడలేదేమో అనుకున్నారు. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. అప్పుడెవరో "పురుగు ముట్టిందేమో చూడండర్రా" అన్నారు. మా వేపు రాత్రిళ్ళు పాముని పాము అనరు, పురుగు అంటారు. కట్లపాము కాటుకి నొప్పి ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు, నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు. బండి కట్టి అమలాపురం తీసుకెళుతుంటే దారిలోనే పోయాడు. ఆ రాత్రి వాళ్ళమ్మ ఏడుపు మా వసారాలోకి వినపడుతుంటే మా ఇంట్లో అందరం మంచాల మీదే కూర్చుని ఉన్నాం, కాళ్ళు కింద పెట్టకుండా.

ఆ తర్వాత మా ఇంట్లో ఎంత ఉక్క పోసినా రాత్రిళ్ళు నేల పడక లేదు. ఆరుబయట నులకమంచాలు, దోమతెర అంచులు పక్క కిందికి దోపడం. మంచానికి మంచానికి మధ్య మామ్మ లాంతరు పట్టుకుని తిరుగుతూ చూసుకునేది. ఈ సంగతి చదివేవాళ్ళలో ఇప్పటికీ పల్లెల్లో ఉన్నవాళ్ళుంటే ఒక్కమాట. వేసవిలో నేల మీద పడుకోకండి, దోమతెర లేకుండా పడుకోకండి. కాటు పడిందని అనుమానం వచ్చినా సరే మంత్రం, పసరు అని ఆగకుండా, పాముని వెతుకుతూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. త్రాచుకీ కట్లపాముకీ పింజరలకీ కలిపి ఒకటే మందు ఉంది. ఆ పిల్లాడు ఇవాళ ఉంటే అరవై దాటేవి.

నీళ్ళ గురించి చెప్పాలి. కోనసీమ అంటే ఎటు చూసినా నీళ్ళే అనుకుంటారు. ఏప్రిల్ వస్తే మరమ్మతులకి కాలవలు కట్టేసేవారు. ధవళేశ్వరం నుంచి మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా చెరువులో పట్టుకున్నదే మంచినీళ్ళు. మాకు దొడ్లో ఇసుకనుయ్యి ఉండేది. సముద్రం అంత దగ్గర్లో ఆ నూతి నీళ్ళు తియ్యగా ఎలా ఉంటాయా అని బయటూరి చుట్టాలు ఆశ్చర్యపోయేవారు. ఇసుకలో ఇంకిన వాననీళ్ళు తేలికగా ఉండి, కింది ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. పైపైన మెల్లగా చేదుకుంటే తియ్యని నీళ్ళు. ఆత్రపడి ఎక్కువ తోడితే కిందిది పైకొచ్చి నుయ్యి ఉప్పెక్కిపోతుంది. మళ్ళీ వానలు పడేదాకా బాగవదు. అందుకని మే నెలలో పొద్దున్న పన్నెండు చేదలు, సాయంత్రం పన్నెండు చేదలు, అంతే. లెక్క తాతయ్య పెట్టేవారు.

ఆ ఇరవైనాలుగు చేదల్లోంచి రెండు మామ్మ విడిగా పోసేది. ఒకటి దొడ్డి చివర రాతితొట్టిలోకి. రాత్రి సరుగుడు తోటలోంచి నక్కలు వచ్చి తాగేవి. పగలు ముంగిసలు, గోరింకలు, కాకులు. తెల్లవారి తొట్టి చుట్టూ ఇసుకలో అడుగులు చూసి ఎవరెవరు వచ్చారో చెప్పడం నాకూ అన్నయ్యకీ పందెం. రెండో చేద గాబులోకి. గాబులో నిలువుగా ఒక కొబ్బరిమట్ట వేసి ఉంచేది. నీళ్ళకోసం ఒంగి లోపల పడ్డ ఉడతలు, తొండలు పట్టుకుని ఎక్కి రావడానికి. మట్ట కుళ్ళిపోతే కొత్తది వేసేది. ఏడాది పొడుగునా ఆ మట్ట లేని గాబుని నేను చూడలేదు.

మా ఊరికి కరెంటొచ్చిన మరుసటి వేసవికి నాన్న అమలాపురం నుంచి సీలింగు ఫ్యాను తెచ్చారు. హాల్లో దూలానికి బిగించారు. ఊరంతా వచ్చి చూశారు. మా హాల్లో దేవుడి పటాల వెనకా, దూలాల సందుల్లోనూ పిచ్చికల గూళ్ళుండేవి. కోతలయ్యాక తాతయ్య వరికంకులు కుచ్చుల్లా అల్లి వసారాకి కట్టేవారు, వాటికోసమే. ఫ్యాను వేసిన మూడోరోజు మధ్యాహ్నం ఒక చిన్న చప్పుడయింది. గచ్చు మీద పిచ్చిక పడి ఉంది. ముక్కులో పురుగు అలాగే ఉంది. పటం వెనక పిల్లలు అరుస్తూనే ఉన్నాయి.

మామ్మ లేచి వెళ్ళి స్విచ్చి ఆపేసింది. తన పాతచీర అంచు చింపి ఆ స్విచ్చికి గట్టిగా ముడేసింది.

నాన్న బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి, ఎండన పడి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. ఫ్యాను కొన్నది ఆయన జీతంతో. "అమ్మా, మనుషులం ఉడికిపోతున్నామే" అన్నారు.

"పదిహేను రోజులురా. రెక్కలొస్తే వాటి దారిన అవి పోతాయి."

"పదిహేను రోజులు ఇంతెండలోనా?"

"నీకు విసనకర్ర ఉంది. దానికేవుందిరా?"

నాన్న ఇంకేమీ అనలేదు. చొక్కా విప్పి, తాటాకు విసనకర్ర తీసుకుని గోడకి చేరగిలబడ్డారు. మామ్మ వచ్చి ఆయన చేతిలోంచి విసనకర్ర తీసుకుని తనే విసరడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ కొడుక్కి. పటం వెనక ఒక్క పిచ్చికే మిగిలింది, మగది. రోజంతా వస్తూ పోతూ ఉండేది. నేను చాప మీద పడుకుని లెక్కపెట్టేదాన్ని, ఒక మధ్యాహ్నం నూటపదిసార్లు దాకా లెక్కపెట్టి నిద్రపోయాను. మూడు పిల్లల్లో రెండు బతికాయి. రెండోది కూడా కిటికీ దాటి వెళ్ళిన రోజు మామ్మ స్విచ్చికి కట్టిన గుడ్డ విప్పి, "వేసుకో నాయనా" అంది నాన్నతో. ఆ ఫ్యాను గాలి ఎలా ఉందో నాకు గుర్తులేదు. విసనకర్ర చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. దాని అంచుకి మామ్మ పాతగుడ్డ కుట్టింది, అది గాలిలో చిన్నగా టపటపమనేది.

ఆ జాలంతా మానుపిల్లి దగ్గర ఉండేది కాదు. దాన్ని మామ్మ నిజంగా తిట్టేది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు సరిగ్గా పండిన రాత్రే అది అటక మీదికి వచ్చేది. ఒక్కరోజు ముందు రాదు. తాటిచెట్ల మీద కల్లుముంతలు కూడా వదిలేది కాదని గీతగాళ్ళు చెప్పేవారు. "ఆయ్, మా కంటే ముందు అదే రుచి చూత్తాదండి మామ్మగారూ" అనేవారు. తిట్టి తిట్టి మామ్మ చివరికి అటక మీద మగ్గేసే గంపలు రెండు చేసింది. ఒకటి గోనె కప్పి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టినది. ఇంకొకటి ఊరికే తెరిచి ఉంచినది, అందులో దెబ్బకాయలు. మానుపిల్లికి అది నచ్చిందో లేదో కానీ రుబ్బురాయి జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

చెమటకాయలు లేస్తే ముంజలు చిదిమి వీపుకి రాసేవారు. ఆ చల్లదనం గురించి రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. మాటలకి అందడం లేదు. తాటిముంజె కోసినప్పుడు వేలు లోపలికి గుచ్చితే తగిలే ఆ మొదటి చుక్క నీళ్ళు, అంతే చెప్పగలను.

ఒక వేసవి పల్లెపాలెంలో పెళ్ళి. మా చేలో పనికొచ్చే ఆవిడ కూతురిది. ఇసుకమెట్ట దిగువనే పందిరి, నాలుగు పెట్రోమాక్సు లైట్లు. అర్ధరాత్రి ముహూర్తం. మేం పిల్లలం పందిరి అంచున ఇసుకలో ఆడుకుంటుంటే ఇసుకే కదిలినట్టయింది. చూస్తే తాబేలు పిల్లలు, అరచేతిలో నాలుగు పట్టేంత, నల్లగా. ఒకటీ రెండూ కాదు, వరసగా పందిరిలోకి వస్తున్నాయి. మా తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. ఒక్కొక్కటి గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. నక్కలూ కుక్కలూ తవ్వగా మిగిలినవి నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలవుతాయి. పగటి ఇసుక కాలుతుంది కాబట్టి అవి రాత్రే బయటికొస్తాయి, ఎటు వెలుగుంటే అటే సముద్రం అనుకుని పాకుతాయి. ఆ రాత్రి వాటికి మా పెళ్ళి దీపాలే సముద్రం.

పెళ్ళికూతురి తాత చూసి "దీపాలార్పండ్రా, కూర్మావతారం వచ్చింది" అన్నాడు. పురోహితుడు మంత్రం ఆపాడు. లైట్లు ఒక్కొక్కటే తగ్గి, ఆరిపోయాయి. చీకట్లో అందరూ, ఆడవాళ్ళు చేటలతో, మగవాళ్ళు కండువాలతో, వాటిని ఎత్తి నీళ్ళ దాకా మోసుకెళ్ళారు. నా గౌను ఒడిలో ఏడు. వాటి కాళ్ళు నా పొట్టకి తగులుతుంటే చక్కిలిగింతగా ఉండేది. తడి ఇసుక మీద దింపితే ఒక్క క్షణం ఆగి, అల రాగానే లేవు. తర్వాత మళ్ళీ లైట్లు వెలిగించి పెళ్ళి చేశారు. ఇసుక వేడిని బట్టి ఆ గుడ్లలో ఆడో మగో తేలుతుందని, సుమారు 29 డిగ్రీలకి పైన వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఎండలు ఏటేటా ముదురుతుంటే అక్కడ ఇప్పుడు ఏం పుడుతున్నాయోనని మార్చి వచ్చిందంటే నాకు దిగులుగా ఉంటుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా ఇంటి పెంకు లేచిపోయింది. తాటాకు వసారా ఏ దొడ్లో పడిందో కూడా తెలీదు. కోనసీమ చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా పోయిన రాత్రి అది. మావాళ్ళు బతికారు. తాతయ్య చూసే కొబ్బరిచెట్టు సగానికి విరిగింది. అప్పటికి ఆయన లేరు, మామ్మ ఉంది. తెల్లవారి వచ్చి ఆ మొదలు పట్టుకుని నిలబడింది. మరుసటేడు అన్నయ్య అక్కడే స్లాబు ఇల్లు కట్టాడు. కట్టాల్సిందే. తుఫానుకి నిలిచే ఇల్లు కావాలని నేనూ అన్నాను. కానీ ఆ స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా మన మీదికి వదులుతుంది. మామ్మ చివరి రెండు వేసవులూ వరండాలోనే గడిపింది. పిచ్చికలకి స్లాబులో సందు దొరకలేదు.

పోయిన మే నెలలో వెళ్ళాను. మూడు గదులకీ ఏసీలు. తలుపులు, కిటికీలు మూసేసి, లోపల అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. నాకూ హాయిగానే ఉంది, లేదనను. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంటి వెనక్కి వెళ్ళాను. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు మొక్కలకి పోద్దామని అన్నయ్య కోడలు గొట్టం కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టింది. బకెట్ అంచు కింద, నీడ పడే చోట, చెట్టుకప్ప ఒకటి కాళ్ళు ముడుచుకుని అంటుకుని ఉంది. లేత గోధుమరంగు, పొట్ట కొట్టుకుంటోంది. బకెట్లో ఒక ఉడతపిల్ల చచ్చి తేలుతోంది.

దాన్ని తీసి జీడిచెట్టు కింద పాతిపెట్టాను. అమ్మాయి వచ్చి నిలబడి చూసింది. "ఇందాకటిదాకా లేదండి అత్తయ్యగారూ, పొద్దున్న కూడా చూశాను" అంది. నేను గాబు సంగతి ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల మొహం చూస్తే చెప్పాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ వెనక్కి వెళ్ళాను. బకెట్లో ఒక కొబ్బరిమట్ట ముక్క నిలబెట్టి ఉంది. జారిపోకుండా పై కొసని గొట్టానికి పురికొసతో కట్టి ఉంది.